మత్తంటే భయపడే అమ్మకు అంతా చెప్పాలా, చెప్పకుండా తీసుకెళ్ళాలా?

హిందూపురం అమ్మాయి, మారతహళ్ళి

అమ్మకు 61 ఏళ్ళు. పిత్తాశయంలో రాళ్ళున్నాయి. వచ్చే గురువారం ఇక్కడ బెంగళూరులోనే పొట్టకు చిన్న చిన్న రంధ్రాలు పెట్టి చేసే కీహోల్ ఆపరేషన్, పూర్తి మత్తు ఇచ్చి చేస్తామన్నారు. కోతన్నా కుట్లన్నా అమ్మకు భయం లేదు, మత్తంటేనే భయం. మా పెద్దమ్మ ఎప్పుడో ఊళ్ళో ఎవరి గురించో "సూదేశారు, మళ్ళీ కళ్ళు తెరవలేదు" అన్న మాట మనసులో నాటుకుపోయింది.

మొన్న రాత్రి రెండున్నరకు వంటింట్లో లైటు వెలుగుతుంటే వెళ్ళి చూశాను. చాటలో బియ్యం పోసుకుని రాళ్ళేరుతోంది. సూపర్ మార్కెట్లో కొన్న ప్యాకెట్ బియ్యం, అందులో రాళ్ళెక్కడివి? "పడుకోమ్మా" అంటే, "కండ్లు మూస్తే ఆ నిద్రే గుర్తొస్తాందే" అంది.

అన్నయ్యది ఒకటే మాట. "ఏమీ చెప్పొద్దు. చిన్న ఇంజెక్షన్, గంట నిద్ర అని చెప్పి తీసుకుపోదాం. సంతకం నేను పెడతా." నాకు మనసొప్పడం లేదు. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

నంద్యాల వాసి, కేఆర్ పురం

మీ అన్నయ్య చెప్పిందే రైటు చెల్లెమ్మా. మా నాన్నకు గజ్జల్లో హెర్నియా. మూడేళ్ళ కిందట ఒక ఆసుపత్రిలో ఓ కుర్ర డాక్టరు కాగితం చేత్తో పట్టుకుని, గుండె ఆగొచ్చు, పక్షవాతం రావచ్చు, వెంటిలేటర్ పెట్టాల్సి రావచ్చు అని సరుకుల చీటీ చదివినట్టు చదివేశాడు. నాన్న నోరెత్తలేదు. మర్నాడు బీపీ 190 దాటింది, ఆపరేషన్ వాయిదా పడింది. ఆ రాత్రే బస్సెక్కి ఊరెళ్ళిపోయాడు. ఎంత బతిమాలినా మళ్ళీ రాలేదు. ఎనిమిది నెలలకు పేగు ఇరుక్కుని, వాంతులతో, అర్ధరాత్రి కర్నూలు పరిగెత్తాం. పేగు కొంత కోసేయాల్సి వచ్చింది. ఆ కాగితం చదవకుండా ఉంటే ఆయన ఆ రోజే చేయించుకునేవాడు. వయసైన మనిషికి అంత బరువు ఎత్తకూడదు.

థియేటర్ టెక్నీషియన్, బనశంకరి

పన్నెండేళ్ళుగా ఆపరేషన్ థియేటర్లో మత్తు డాక్టర్ల పక్కనే పని చేస్తున్నాను. అన్నా, మీ నాన్నగారికి ఏం జరగొచ్చో చెప్పారు, తాము ఏం చేస్తారో ఎవరూ చెప్పలేదు. నేను చూసినంతలో పెద్దవాళ్ళ భయమంతా ఒక్కచోటే ఉంటుంది: సూది వేసి డాక్టరు వెళ్ళిపోతాడు, తర్వాత లేస్తే లేచినట్టు, లేకపోతే లేదు. అలా ఉండదు. మత్తు డాక్టరు మొదటి నుంచి చివరి దాకా తల దగ్గరే ఉంటారు. మత్తు ఆపరేషన్ సాగినంతసేపూ అందుతూనే ఉంటుంది, ఆపేస్తే మనిషికి తెలివొస్తుంది.

మేడం, మీ అమ్మగారికి వరసగా చెప్పండి. థియేటర్లో చలిగా ఉంటుంది, దుప్పటి అడగొచ్చు. వేలికి క్లిప్పు, ఛాతీ మీద మూడు నాలుగు అతుకులు, చేతికి బీపీ పట్టీ పెడతారు. ముక్కు మీద మాస్కు పెట్టి ఆక్సిజన్ ఇస్తారు. సెలైన్ గొట్టంలోంచి పాలలా తెల్లగా ఉండే మందు ఎక్కిస్తారు, చేయి కాస్త మండుతుంది. అది మామూలే. అర నిమిషం, నిమిషంలో నిద్ర. గొంతులోకి ట్యూబు వేసేది ఆ తర్వాతే, కాబట్టి అది తెలియదు. లేచాక గొంతు గరగరలాడితే, కడుపులో తిప్పితే అదీ మామూలే.

ఆరోగ్యంగా ఉన్న మనిషికి కేవలం మత్తు వల్ల ప్రాణం పోవడం అభివృద్ధి చెందిన దేశాల్లో సుమారు లక్షకు ఒకటి, లేదా అంతకన్నా తక్కువ. మధ్యలో మెలకువ వచ్చిందని చెప్పినవాళ్ళు బ్రిటన్‌లో 2014 నాటి పెద్ద సర్వేలో దాదాపు 19,000 మందిలో ఒకరు. క్లోరోఫాం అనే పాత మత్తుమందు రోజుల భయం వేరు. అప్పట్లో నిజంగానే మనుషులు పోయేవారు. ఆ మందు సంగతి తేల్చడానికి నిజాం ఖర్చుతో 1888, 1889లలో హైదరాబాదులో రెండు కమిషన్లు కూడా వేశారు. మన పెద్దవాళ్ళ మాటల్లో ఆ కాలపు భయం ఇంకా మిగిలే ఉంది.

ఇంకొకటి. ఆపరేషన్ ముందు చెకప్‌లో నోరు బాగా తెరిచి నాలుక చాపమంటారు. ట్యూబు సులువుగా వెళ్తుందా లేదా అని చూసే పరీక్ష అది. 1985లో దాన్ని ప్రచురించింది గుంటూరులో డాక్టరీ చదివి అమెరికా వెళ్ళిన మల్లంపాటి శేషగిరిరావు గారు. ప్రపంచమంతా ఆయన ఇంటిపేరుతోనే పిలుస్తారు. ఈ ముక్క చెప్తే మన తెలుగు పెద్దవాళ్ళు చాలామంది నవ్వుతూ నోరు తెరుస్తారు.

జయనగర్ కోడలు

మా ఇంట్లో దాచినందువల్ల ఏమైందో చెప్తాను. మేం ఆర్యవైశ్యులం. ట్యూబు వేసేటప్పుడు కండరాలు వదులు చేయడానికి కొన్నిసార్లు సక్సినైల్ కోలిన్ అనే మందు ఇస్తారు. మామూలుగా పది నిమిషాల లోపే దాని పని అయిపోతుంది. దాన్ని విరగ్గొట్టే ఎంజైము పుట్టుకతోనే లేనివాళ్ళు మావాళ్ళలో మిగతావాళ్ళకన్నా ఎక్కువని మత్తు డాక్టర్లకు బాగా తెలుసు. అలాంటివాళ్ళకు ఆ మందు గంటల తరబడి వదలదు, సొంతంగా ఊపిరి తీసుకోలేరు.

మా చిన్నత్తకు పాతికేళ్ళ కిందట ఆపరేషన్ తర్వాత చాలాసేపు తెలివి రాలేదట. "శుభమా అని వెళ్తుంటే అవన్నీ ఎందుకు" అని ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. మా ఆడపడుచు అపెండిక్స్ ఆపరేషన్‌కు వెళ్ళినప్పుడు "మీ ఇళ్ళలో ఎవరికైనా మత్తుతో ఇబ్బంది వచ్చిందా" అని అడిగారు. ఆమెకు తెలియదు, లేదని చెప్పింది. ఆ రోజు ఐదు గంటలు వెంటిలేటర్ మీద ఉంది. బయట బెంచీ మీద మా అత్తగారు కొంగు నోట్లో కుక్కుకుని కూర్చున్నారు. అప్పుడు చెప్పారు చిన్నత్త సంగతి. ముందే తెలిస్తే రక్తపరీక్ష చేసేవారు, వేరే మందు వాడేవారు. మనం మనిషి దగ్గర దాస్తే, డాక్టరు అడిగినప్పుడు ఆ మనిషి దగ్గర చెప్పడానికేమీ ఉండదు.

నంద్యాల వాసి, కేఆర్ పురం

అమ్మా, మీ సంగతి చదివాక ఒప్పుకుంటున్నాను, ఇంటి చరిత్ర దాచకూడదు. కానీ ప్రమాదాల చిట్టా చదవడం మీద నా మాట మారదు. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు కూడా, రోగిని బెదరగొట్టే అరుదైన ప్రమాదాలన్నీ వివరించనక్కర్లేదనే అంది. ఇంకో మాట, పూర్తి మత్తు బదులు నడుములో సూది వేసి చేయమని అడగకూడదా?

థియేటర్ టెక్నీషియన్, బనశంకరి

హెర్నియాకు చాలాసార్లు నడుములో సూదితోనే చేస్తారు అన్నా. కీహోల్ ఆపరేషన్‌లో పొట్ట నిండా గ్యాస్ నింపుతారు, ఊపిరి బిగుస్తుంది, భుజాలు లాగుతాయి. అందుకే ఎక్కువగా పూర్తి మత్తే. భయంతో మనం పట్టుబట్టేది కాదిది, డాక్టరును అడగండి, కారణం చెప్తారు.

పరగడుపు విషయం మాత్రం తప్పకుండా చెప్పండి. తేలికపాటి తిండి ఆరు గంటల ముందు, మంచినీళ్ళు రెండు గంటల ముందు ఆపాలి. పాల కాఫీ నీళ్ళ లెక్కలోకి రాదు. "పాపం, గుక్కెడు కాఫీ" అని ఇంట్లోవాళ్ళే తాగిస్తారు, అడిగితే లేదంటారు. మత్తులో అది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. కారణం తెలిసినవాళ్ళెవరూ ఆ కాఫీ ముట్టుకోవడం నేను చూడలేదు.

హిందూపురం అమ్మాయి, మారతహళ్ళి

అందరికీ థ్యాంక్స్. ఆ తీర్పు నేనూ చదివాను అన్నా. ఆ కేసులో పేషెంటు మత్తులో ఉండగా వాళ్ళమ్మ చేత సంతకం పెట్టించుకుని ఇంకో ఆపరేషన్ చేసేశారు. ఆ సంతకం చెల్లదన్నారు. తన నిర్ణయం తాను తీసుకోగల పెద్దవాళ్ళ తరఫున ఇంకొకరు ఒప్పుకోకూడదు. అన్నయ్యకు అదే చూపించాను.

ఈ రోజు అమ్మను చెకప్‌కు తీసుకెళ్ళాను. డాక్టరమ్మ కన్నడిగురాలు, సగం కన్నడం సగం తెలుగుతో మాట్లాడింది. నేను రాసుకెళ్ళిన ప్రశ్నలు అడిగేలోపే అమ్మే అడిగింది: "నడిమధ్యలో నాకు తెలివొస్తే మీకెట్లా తెలుస్తాది?" డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టేసి, గుండె వేగం, బీపీ, ఊపిరిలో వచ్చే మత్తు గ్యాస్ ఎంతుందో అన్నీ తెర మీద కనపడతాయని, తాను వాటిని చూస్తూ పక్కనే ఉంటానని చెప్పింది. నోరు తెరిపించినప్పుడు మల్లంపాటి గారి మాట చెప్పాను, అమ్మ "మనోడేనా?" అంది. అప్పుడు బయటపడింది, కింద ముందు పన్ను ఒకటి కదులుతోందట. మాకెవరికీ చెప్పలేదు. ట్యూబు వేసేటప్పుడు ఊడి లోపలికి పోయే ప్రమాదం ఉందని డాక్టరమ్మ ఎర్ర ఇంకుతో రాసుకుంది. సూత్రాలు తీయాలా అని అడిగితే, బంగారం తీసేసి పసుపు దారం ఉంచుకోమంది.

ప్రమాదాలు కూడా చెప్పింది, రెండు మూడు మాటల్లో. అమ్మ విని, తెలుగులో సంతకం పెట్టింది.

అన్నయ్య ఇంకా ముభావంగానే ఉన్నాడు. అమ్మకు భయం పోయిందని చెప్పను, రాత్రి మళ్ళీ వంటింట్లో లైటు వెలిగింది. కానీ ఈసారి నన్ను లేపింది. "ఆ పాల మందు ఎక్కిస్తే చెయ్యి ఎంతసేపు మండుతాదో కనుక్కున్నావా?" అని అడిగింది. టెక్నీషియన్ గారూ, అది మాత్రం చెప్పండి.

థియేటర్ టెక్నీషియన్, బనశంకరి

కొన్ని సెకన్లే మేడం. ఆ మంట పూర్తిగా తెలిసేలోపే నిద్ర పట్టేస్తుంది. ముందే చెప్తే మండకుండా కాస్త మందు కలిపి ఇస్తారు, అడగమనండి.