చిత్తూరు కుటుంబానికి బెంగళూరా, చెన్నైయా?

చిత్తూరు గృహస్థు:
మా అబ్బాయికి రెండు నగరాలలోనూ ఉద్యోగం వచ్చింది, జీతంలో తేడా లేదు. పదవీ విరమణ అయినందున మేమిద్దరమూ అతనితోనే ఉండదలిచాము. నివాసానికి ఏది మేలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

పలమనేరు వాసి:
సందేహం లేకుండా బెంగళూరే. అది సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు కనుక ఎండాకాలంలోనూ రాత్రికి చల్లబడుతుంది. చెన్నై ఉక్కపోతను ఈ వయసులో తట్టుకోవడం కష్టం.

తిరుపతి పాఠకుడు:
పలమనేరు వారు చెప్పిన చల్లదనాన్ని నేను కాదనను. రెండు చోట్లా అద్దె ఇళ్లలో ఏళ్ల తరబడి ఉన్నవాణ్ని. అయితే నీటి విషయంలో ఆ ఎత్తే బెంగళూరుకు భారమైంది. కావేరి నీటిని సుమారు 100 కిలోమీటర్ల దూరం నుంచి పంపులతో పైకి ఎక్కించాలి; ఆ గొట్టాలు చేరని శివారు కాలనీలు బోర్లనూ ట్యాంకర్లనూ నమ్ముకోవాలి, 2024 వేసవిలో ఆ బోర్లే ఎండిపోయాయి. చెన్నై కూడా 2019లో జోలార్‌పేట నుంచి రైళ్లలో నీళ్లు తెప్పించుకున్న మాట నిజమే. కాని దానికి మీంజూరు, నెమ్మేలి వద్ద సముద్రపు నీటిని మంచినీటిగా మార్చే కేంద్రాలున్నాయి, కండలేరు జలాశయం నుంచి పూండి జలాశయానికి శ్రీశైలం కృష్ణా నీటిని తెచ్చే తెలుగుగంగ కాలువ ఉంది. (శ్రీశైలం నీళ్లు తాగడానికి ఇంత దూరం రావాలా అని మా ఆవిడ ఎగతాళి చేసేది.) ఇక ప్రయాణం సంగతి. చెన్నై బీచ్, తాంబరం మధ్య విద్యుత్ రైళ్లు 1931 నుంచే నడుస్తున్నాయి. బెంగళూరులో మెట్రో 2011లో గాని మొదలు కాలేదు. అక్కడ పన్నెండు కిలోమీటర్ల దూరంలోని ఆఫీసుకు నాకు గంటన్నర పట్టేది.

పలమనేరు వాసి:
నీళ్లు లేకపోతే ట్యాంకరు కొనుక్కోవచ్చునండీ. 2015 డిసెంబరులో చెన్నై ఇళ్లలోకి వచ్చిన నీళ్లను ఎవరికి అమ్మాలి? 2023లో మిగ్జాం తుపానుకూ అదే గతి పట్టింది కదా.

తిరుపతి పాఠకుడు:
ఈ మాటకు నా వద్ద జవాబు లేదు. వేళచ్చేరి వంటి పల్లపు ప్రాంతాలలో కింది అంతస్తు తీసుకోవద్దని మాత్రం చెప్పగలను. చిత్తూరు వారు చెన్నైలో ఇల్లు చూడదలిస్తే, 2015లో నీళ్లు ఎంతవరకు వచ్చాయో ఇంటి యజమానిని కాక, ఆ వీధి చివర పాత కిరాణా కొట్టు ఆయనను అడగండి.