అప్‌డేట్: మూడో తరగతి పాప హోంవర్క్ సంగతి

మా పాప మూడో తరగతి. రోజూ రెండు గంటల హోంవర్క్, ఏడుస్తూ రాస్తోంది, ఏం చేయాలని పోయిన నెల అడిగాను. సలహా ఇచ్చిన అందరికీ థ్యాంక్స్. తర్వాత ఏం జరిగిందో చెప్తాను.

ఒకరు కేంద్ర విద్యాశాఖ వాళ్ల 2020 స్కూల్ బ్యాగ్ పాలసీ చూడమన్నారు. రెండో తరగతి వరకు హోంవర్క్ ఉండకూడదు, మూడు నుంచి ఐదు వరకు వారానికి 2 గంటలు మించకూడదు అని ఉంది అందులో. వారానికి! మాకది ఒక్క రాత్రి పని. అయినా ఆ కాగితం పట్టుకుని గొడవకు వెళ్లలేదు. దేనికెంత సేపు పడుతోందో వారం రోజులు డైరీలో రాసి క్లాస్ టీచర్‌కి చూపించాను. "అరగంట పని అనుకున్నానండీ" అన్నారావిడ. ఇప్పుడు ఒకే పాఠం మూడుసార్లు రాయడం లేదు. లెక్కలు కూడా పది బదులు నాలుగే.

నా తప్పూ ఉంది. అక్షరం కాస్త వంకరపోతే చెరిపించి మళ్లీ రాయించేదాన్ని. ఒకరోజు నోట్‌బుక్ తెరిస్తే 'క్ష' ఉన్నచోట రబ్బరుతో రుద్దీ రుద్దీ కాగితానికి చిల్లు పడింది. అది చూసి నాకే ఏడుపొచ్చింది. ఇప్పుడు పక్కన కూర్చుని కూర తరుక్కుంటాను, అడిగితేనే చెప్తాను. నిన్న చిక్కుడు గింజలు ఏడేసి చొప్పున పేర్చి, ఏడో ఎక్కం తనే చెప్పింది.

హిందీ మాత్రం ఇంకా టెన్షనే. మా ఇంట్లో ఎవరికీ రాదు. దానికీ ఏదైనా దారి ఉంటే చెప్పండి.