కాన్షస్‌నెస్‌కి తెలుగు మాట: స్పృహా, చైతన్యమా, ఎరుకా?

మెదడు శాస్త్రం మీద ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. కాన్షస్‌నెస్ అన్నచోటల్లా మొదట స్పృహ అని రాసుకుంటూ పోయాను. నాలుగు పేజీలయ్యాక ఆ మాట నిలబడలేదు.

సంస్కృతంలో స్పృహ అంటే కోరిక. గీత రెండో అధ్యాయంలో స్థితప్రజ్ఞుణ్ణి 'సుఖేషు విగతస్పృహః' అన్నారు. సుఖాల మీద ఆశ లేనివాడని అర్థం, స్పృహ తప్పినవాడని కాదు. తెలుగులోకి వచ్చాక మాట వేరే దారి పట్టింది. పాత అర్థం జాడ మన 'నిస్పృహ'లో ఇంకా ఉంది, చూడండి. ఇప్పుడు స్పృహ అంటే మెలకువగా ఉండటం, పిలిస్తే పలకటం.

వ్యాసం అడిగేది అది కాదు. చూడటం, పలకటం, గుర్తుపెట్టుకోవటం మెదడులో ఎలా జరుగుతాయో ఎప్పటికైనా చెప్పవచ్చు. కానీ అవి జరుగుతుంటే లోపల ఏదో అనిపిస్తుంది కదా, ఆ అనిపించటం ఎందుకుంది? 1995లో తత్వవేత్త డేవిడ్ చామర్స్ దీన్నే కఠిన సమస్య అన్నాడు. అంతకు ముందు 1974లో మరో తత్వవేత్త థామస్ నేగెల్ గబ్బిలం సంగతి ఎత్తాడు. అది ప్రతిధ్వనులతో దారి తెలుసుకుంటుంది. దాని మెదడంతా విప్పి చూసినా, గబ్బిలంగా బతకటం ఎలా ఉంటుందో మనకు అందదని అతని వాదన. ఈ 'అనిపించటానికి' మాట కావాలి.

జవాబు: చైతన్యం ఉండగా వెతుకులాట ఎందుకండీ? శాస్త్ర చర్చకు తగిన మాట.

వ్యాసకర్త: నాదీ అదే మొదటి ఆలోచనండీ. కానీ చైతన్యం అనగానే చదివేవారికి వేదాంతం గుర్తొస్తుంది, లేదంటే ప్రజా చైతన్యం. మెదడే దీన్ని పుట్టిస్తుందనే సిద్ధాంతానికి ఆ మాట అడ్డుపడదా?

జవాబు: అడ్డుపడదు. ఆత్మ లేదన్న పాతకాలపు భౌతికవాదులు, చార్వాకులు వాడిందీ ఇదే మాట. గింజలు పులిస్తే మత్తు పుట్టినట్టు, నేల, నీరు, నిప్పు, గాలి అనే భూతాలు కలిస్తే చైతన్యం పుడుతుందన్నారు. దేహమే అంతా అన్నవారూ, ఆత్మే అంతా అన్నవారూ ఒకే మాటతో వాదించుకున్నారు.

వ్యాసకర్త: ఇది నాకు తట్టలేదు, ఒప్పుకుంటున్నాను. శీర్షికలో చైతన్యమే పెడతాను.

జవాబు: తెలివి ఎందుకు వద్దు? 'తెలివొచ్చింది', 'తెలివి తప్పింది' అంటూనే ఉంటాం.

వ్యాసకర్త: యంత్రాల తెలివి గురించి ఇంత చర్చ జరుగుతున్నప్పుడు రెండూ కలగాపులగం అవుతాయి. పైగా తెలివి పనిచేస్తున్నా అనిపించటం లేని సందర్భాలున్నాయి. మనస్తత్వ శాస్త్రవేత్త లారెన్స్ వైస్‌క్రాంజ్ పరిశీలించిన ఒక రోగికి మెదడులో చూపుకు సంబంధించిన భాగం దెబ్బతింది. ఆ వైపు ఏమీ కనబడటం లేదంటాడు. ఊరికే ఊహించి చెప్పమంటే మాత్రం వస్తువు ఎక్కడుందో చాలాసార్లు సరిగ్గా చూపిస్తాడు. సమాచారం అందింది, ఎరుక లేదు.

అందుకే నా మనసు ఎరుక మీదికే పోతోంది. ఒకసారి నాకు ఆపరేషన్ అయింది. మత్తు దిగుతుంటే ముందు ఏదో టిక్ టిక్ చప్పుడు, నాలుక అంగిటికి అతుక్కుపోయినంత దాహం. ఎక్కడున్నానో, ఎవరినో ఏమీ లేదు. కాసేపటికి నర్సు పేరు పెట్టి పిలిస్తే అది నా పేరేనని తట్టింది. 'తెలివొచ్చింది' అన్నారు అప్పుడు. కానీ దాహం అంతకు ముందు నుంచే ఎరుకలో ఉంది.

జవాబు: తెలంగాణలో 'నాకు ఎరుకే' అంటే 'నాకు తెలుసు' అనే. మీరు దాని మీద మరీ పెద్ద బరువు పెడుతున్నారేమో.

వ్యాసకర్త: నిజమే, కానీ ఆ బరువు అది మోస్తుందనుకుంటున్నాను. వాక్యంలో పెట్టి చూశాను. మెదడు, మనసుల మీద పనిచేసిన శాస్త్రవేత్త బెర్నార్డ్ బార్స్ 1988లో చెప్పినదాన్ని 'ఒక కబురు మెదడంతా చాటింపు అయితే ఎరుకలోకి వస్తుంది' అని రాస్తే సాఫీగా పోతోంది. అక్కడ స్పృహ పెడితే రోగి మంచం మీద లేచి కూర్చున్నట్టుంది.

ఇక మిగిలింది సెల్ఫ్ కాన్షస్‌నెస్. ఆ రోజు పేరు వినగానే నాకు తిరిగొచ్చింది అదే. 'తన్ను తానెరగటం' అంటాం కాబట్టి 'తన్నెరుక' అనవచ్చా? పాత కావ్యాల్లో ఈ సమాసం ఎవరికైనా తగిలిందా?