ఇంట్లో సబ్బు తయారీ: మిమ్మల్ని నవ్వించిన సంగతులు చెప్పండి

నురుగుపూలు:
సబ్బు తయారీ గురించి మనం రాసుకునేవన్నీ నూనెల పాళ్లు, తూకాలు, జాగ్రత్తలే. అవి అవసరమే, కాదనను. కానీ ఈ పనిలో ఉన్నంత నవ్వు నాకు మరే చేతిపనిలోనూ దొరకలేదు. కొలతలన్నీ సరిగ్గా ఉన్నా సబ్బు తన ఇష్టప్రకారమే తయారవుతుంది. ఇంట్లోవాళ్లు దాన్ని చూసి తమకు తోచిన అర్థం తీస్తారు. అలాంటి సంగతులన్నీ ఒకచోట చేరితే బాగుంటుందని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

ముందు మా ఇంటి సంగతి. ఎండిన లావెండర్ మొగ్గలు సబ్బు మీద చల్లితే, అచ్చులో పోసిన పూట కన్నులపండువగా ఉంటాయి. తాజా సబ్బులో ఉండే క్షారం (నూనెను సబ్బుగా మార్చే కాస్టిక్ సోడా), తడి తగిలి అవి మెల్లగా గోధుమ రంగుకు తిరుగుతాయి. సన్నగా, పొడుగ్గా, నల్లనల్లగా... దేనిలా కనిపిస్తాయో చెప్పనక్కర్లేదు. మా అత్తగారు సబ్బులు ఆరబెట్టిన బల్ల దగ్గరకు వచ్చి చూశారు. నాతో ఒక్క మాటా అనకుండా ఎలుకల బోను తెచ్చి పక్కన పెట్టారు. మర్నాడు నా భుజం తట్టి, "ఇంత కష్టపడి చేశావు, వాటికేం తెలుస్తుందమ్మా" అని ఓదార్చారు. బోనులో మాత్రం ఏమీ పడలేదు.

కొబ్బరిచిప్ప:
అక్కా, చదివి ఇంట్లో అందరికీ వినిపించాను. పువ్వు కనిపించాలంటే కేలెండులా రేకులు వాడండి, అవి రంగు నిలుపుకుంటాయి. మిగతా పూలలో చాలావరకు గోధుమ రంగుకే తిరుగుతాయి.

రంగుల విషయంలో మా ఇంట్లో పందేలు నడుస్తున్నాయి. బీట్‌రూట్ పొడి వేస్తే గులాబీ రంగు వస్తుందని పెద్దది, ఎరుపు వస్తుందని మావారు. సబ్బు వారాల తరబడి ఆరి మాగేసరికి మట్టిరంగు తేలుతుంది. మందార పొడి బూడిద రంగు చూపిస్తుంది. పసుపు క్షారం తగలగానే ఎర్రబడి, రోజులు గడిచేకొద్దీ నారింజ వైపు, తర్వాత పసుపు వైపు వస్తుంది. ఆల్కనెట్ వేరు నూనెలో నానితే ఎర్రగా ఉంటుంది, సబ్బులో ఊదా రంగుకు మారుతుంది. మా చిన్నవాడు ప్రతిసారీ "మీరు చెప్పిన రంగు కాదు" అని మాత్రమే పందెం కాస్తాడు. వాడికి ఇంతవరకు ఓటమి లేదు!

రసాయన_మాస్టారు:
పిల్లవాడు సరైన పద్ధతి పట్టుకున్నాడు. పూల రంగుల్లో చాలావాటికి క్షారం పడదు. సబ్బు పూర్తిగా మాగిన తర్వాత కూడా దాని పీహెచ్ (క్షార గుణం కొలత, 7 దాటితే క్షారమే) 9, 10 దగ్గర ఉంటుంది.

ఒక్క మాట ముందే చెప్పి నా కథ చెబుతాను. కాస్టిక్ సోడా కరిగించే పూట నవ్వులు వద్దు, పిల్లలు దగ్గర వద్దు. సోడాను కొద్దికొద్దిగా నీళ్లలో వేయాలి, నీళ్లను సోడా మీద పోయకూడదు. ద్రావణం వేడి 80 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది, ఆవిరి ముక్కుకు ఘాటుగా తగులుతుంది. కళ్లద్దాలు, గ్లౌజులు, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి. అల్యూమినియం పాత్ర వాడితే హైడ్రోజన్ వాయువు పుడుతుంది, కాబట్టి స్టీలుదే వాడండి. చర్మం మీద పడితే నీళ్లతో ఆపకుండా కడగాలి, వెనిగర్ పూయకూడదు.

ఇక కథ. సోడా నీళ్లు చల్లారడానికి గదిలో పెట్టి తలుపు మూసి, అదే వేషంలో వీధి తలుపు తీశాను. పార్సెల్ తెచ్చిన కుర్రాడు డబ్బాను నేల మీద పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి, "సార్, లోపల అందరూ బాగానే ఉన్నారా?" అని అడిగాడు. సబ్బు చేస్తున్నానని చెబితే వెంటనే నమ్మలేదు. ఇప్పుడు మంచి స్నేహితుడు. ఎప్పుడు వచ్చినా "ఈసారి ఏ నూనె సార్?" అంటాడు.

కొత్తచేయి:
మాస్టారూ, జాగ్రత్తలు రాసి గోడకు అంటించుకున్నాను. లవంగ నూనె వేస్తే సబ్బు గిన్నెలోనే గడ్డకడుతుందని విన్నాను. నిజమేనా?

ఆముదం_చాలు:
నిజమే తమ్ముడూ. లవంగ నూనె, కొన్ని పూల పరిమళాలు మిశ్రమాన్ని తొందరపెడతాయి. మాకు అలా జరిగినప్పుడు బ్లెండర్ ప్లగ్గు తీసి పైకెత్తితే, గిన్నెలోని సబ్బంతా దాన్ని పట్టుకునే పైకి లేచింది. అచ్చం భీముడి గద. మా తమ్ముడు భుజాన వేసుకుని ఫొటో దిగుతానని ఒకటే గొడవ. పచ్చి సబ్బు ఒళ్లు కాలుస్తుందని దగ్గరకు రానివ్వలేదు. దాన్ని విదిలించి గిన్నెలో వేసి, సన్నని సెగ మీద ఉడికించి, గరిటెతో అచ్చులోకి అదిమాను. సబ్బు గరుకుగా వచ్చింది కానీ వాసన అద్భుతం. తమ్ముడికి మాత్రం ఆ ఫొటో దక్కలేదన్న బెంగ ఇప్పటికీ ఉంది.

నురుగుపూలు:
ఆముదం అక్కా, మీ చందమామ సబ్బు సంగతి కూడా చెప్పండి.

ఆముదం_చాలు:
అదొక పెద్ద కథ. అచ్చులో పోశాక సబ్బు లోపలి నుంచి వేడెక్కుతుంది కదా. మధ్యభాగం జెల్ దశకు, అంటే వేడికి మెత్తబడి జిగురులా మారే స్థితికి, చేరి అంచులు చేరకపోతే, కోసినప్పుడు ప్రతి ముక్కలోనూ ముదురు రంగు గుండ్రం కనిపిస్తుంది. సబ్బుకు దాని వల్ల నష్టమేమీ లేదు, చూపులో తేడా అంతే. మా వదిన ఆ ముక్కలు చూసి, "లోపల చందమామను ఎలా పెట్టావు?" అని మురిసిపోయింది. ఊరికే ఉండకుండా బంధువులందరికీ చెప్పింది.

తూనికరాయి:
చందమామను మీరు పెట్టలేదని ఆవిడకు చెప్పారా? చెప్పాలి కదండీ. సబ్బు దానంతట అదే చేసుకున్న పనికి మనం మెప్పు పొందకూడదు.

ఆముదం_చాలు:
చెప్పానండీ తూనికరాయి గారూ, జెల్ దశ మొత్తం వివరించాను. వదిన ఓపిగ్గా విని, "సరే, నాకు ఆ సగం వేడెక్కిన చందమామే కావాలి" అని తేల్చింది. అప్పటి నుంచి అదే నూనె, అదే అచ్చు, అదే తూకం. చందమామ మాత్రం రావడం లేదు. గది కాస్త వెచ్చగా ఉంటే సబ్బంతా జెల్ అవుతుంది, చల్లగా ఉంటే అసలు కాదు. వదిన ఫోను చేసి మొదట నా క్షేమం అడగదు, "మా చందమామ వచ్చాడా?" అంటుంది.

రసాయన_మాస్టారు:
వెడల్పు అచ్చులో పోసి, పైన మాత్రమే కప్పి, పక్కలు గాలికి వదిలి చూడండి. అంచులు త్వరగా చల్లారితే గుండ్రం వచ్చే అవకాశం పెరుగుతుంది. మాట ఇవ్వలేను. వేల ఏళ్లు మనుషులు కారణం తెలియకుండానే సబ్బు చేశారు. కొవ్వంటే కొవ్వు ఆమ్లాలు, గ్లిజరిన్ కలిసిన పదార్థమని ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త షెవ్రుల్ నిరూపించి, 1823లో ఆ పరిశోధనను గ్రంథంగా వేశారు. కారణాలన్నీ ఇప్పుడు మన చేతిలో ఉన్నాయి, అయినా చందమామ మన మాట వినడు. ఈ పని నాకు విసుగు పుట్టకపోవడానికి అదే కారణం.

కొబ్బరిచిప్ప:
కప్పడం అంటే గుర్తొచ్చింది. అచ్చుకు దుప్పటి చుట్టి, గంటకోసారి థర్మామీటర్ పెట్టి చూస్తుంటే మా చిన్నవాడు "సబ్బుకు జ్వరమా?" అని గుసగుసగా అడిగాడు. తర్వాత తేనె వేసిన సబ్బు చేశాను. తేనె, పాలు, చక్కెర ఉన్న సబ్బు విపరీతంగా వేడెక్కి అచ్చు దాటి పొంగే ప్రమాదం ఉంది. అందుకని దుప్పటి మాట ఎత్తకుండా ఫ్రిజ్‌లో పెట్టాను. వాడు ఫ్రిజ్ తలుపు తీసి చూసి, "అమ్మా, దీనికి ఎండదెబ్బా?" అన్నాడు. ఇప్పుడు ప్రతి సబ్బుకూ వాడే వైద్యుడు. కాగితం మీద వేడి రాసి పెడతాడు. చక్కగా రాస్తాడు కూడా.

తూనికరాయి:
మా ఇంట్లో నవ్వంతా తూకం దగ్గరే. 100 గ్రాముల కొబ్బరి నూనె పూర్తిగా సబ్బుగా మారడానికి దాదాపు 18 గ్రాముల కాస్టిక్ సోడా కావాలి, అంతే ఆలివ్ నూనెకు 13.5 గ్రాములు చాలు. అందులోనూ 5 శాతం తగ్గించి వేస్తే కాస్త నూనె మిగిలి చర్మానికి మెత్తగా ఉంటుంది. ఇంత తేడా ఉన్న పనిని కంటి కొలతతో చేయలేం. మా తాతయ్య మాత్రం కంటి కొలత మనిషి, నా తూకం యంత్రాన్ని అనుమానంగా చూసేవారు.

మాగే సబ్బును వారానికోసారి తూచి పుస్తకంలో రాసుకుంటాను. నీరు ఆవిరయ్యేకొద్దీ బరువు తగ్గుతుంది, తగ్గడం ఆగితే సబ్బు సిద్ధమైనట్టే. తాతయ్య ఆ పుస్తకం తిరగేసి, బరువు వారం వారం తగ్గుతోందని గమనించి, ఎవరో రాత్రిపూట చెక్కుకుపోతున్నారని నిర్ణయానికి వచ్చారు. నేను ఇంటికి వచ్చేసరికి సబ్బులన్నీ ఆయన పెట్టెలో, తాళం ఆయన మొలలో. సబ్బు మాగాలంటే గాలి ఆడాలని నచ్చజెప్పి బయట పెట్టించాను. ఆయన తన కుర్చీ ఆ బల్ల పక్కకు జరుపుకున్నారు. ఇప్పుడు తూకం ఆయనే వేస్తారు, దశాంశం కూడా వదలరు.

మాగిన_సబ్బు:
బహుమతిగా ఇచ్చిన సబ్బుల సంగతి ఎవరూ ఎత్తలేదే! 4 నుంచి 6 వారాలు మాగబెట్టి, కాగితం చుట్టి, దారం కట్టి ఇస్తాం. పుచ్చుకున్నవాళ్లు వాసన చూస్తారు, చెంపకు ఆనించుకుంటారు, దాచేస్తారు. మా పిన్ని బీరువాలో చీరల మధ్య పెట్టుకుంది. ఎప్పుడు అడిగినా "అంత చక్కటిదాన్ని అరగదీయడానికి చేతులు రావడం లేదురా" అంటుంది. దాచుకోవడానికి ఒకటి, వాడుకోవడానికి ఒకటి అని చెప్పి రెండోది ఇచ్చాను. అది వెళ్లి మొదటిదాని పక్కన చేరింది.

సబ్బులో మిగిలిన నూనె ఏళ్ల తరబడి ఊరుకోదు. చెడితే నారింజ రంగు మచ్చలు పడి పాడైన నూనె వాసన వేస్తుంది. అందుకని ఒకరోజు పిన్ని ఇంటికి వెళ్లి, ఆవిడ చూస్తుండగానే కొత్త సబ్బు విప్పి, దానితో నా చేతులు కడుక్కుని సబ్బుపెట్టెలో పెట్టాను. పిన్ని అయ్యో అయ్యో అంటూనే ఉంది. సాయంత్రానికి బాబాయి, పిల్లలు అందరూ దానితోనే చేతులు కడిగారు. ఇప్పుడు నేను కనుక్కున్న ఉపాయం ఇదే: అందమైన ముక్కలు ఇవ్వను. కోసేటప్పుడు మిగిలే అంచులు, వంకర ముక్కలు ఒక సంచిలో వేసి ఇస్తాను. వాటిని చూసి ఎవరికీ జాలి కలగదు, ఆ రోజే స్నానాల గదికి వెళతాయి.

నురుగుపూలు:
అంచు ముక్కల ఉపాయం ఈ వారమే అమలు చేస్తాను. మా ఆడపడుచు దగ్గర నా సబ్బులు ఒక అర నిండా ఉన్నాయి.

కొత్తచేయి:
నాకు ఒక సందేహం మిగిలింది. నాలుక తగిలించి చూసే పరీక్ష నిజంగా చేస్తారా?

రసాయన_మాస్టారు:
చేస్తారు. తడి వేలితో సబ్బును రుద్ది, ఆ వేలిని నాలుకకు లేశంగా తాకించాలి. చురుక్కుమని విద్యుత్తు తగిలినట్టు ఉంటే ఇంకా క్షారం మిగిలి ఉంది, వాడకూడదు. ఉత్త సబ్బు రుచి వస్తే మంచిదే. చుట్టూ ఎవరూ లేనప్పుడు చేయండి. మా పక్కింటావిడ కిటికీలోంచి చూసి, మా ఆవిడ దగ్గరకు వచ్చి, "మాస్టారికి వేళకు భోజనం పెడుతున్నారా?" అని నెమ్మదిగా ఆరా తీశారు.

కొత్తచేయి:
సరే మాస్టారూ, పరదా వేసుకునే చేస్తాను. రేపు పూర్తిగా కొబ్బరి నూనెతోనే మొదలుపెడదామనుకుంటున్నాను. రాత్రి పోసి పొద్దున కోయవచ్చా?

కొబ్బరిచిప్ప:
రాత్రి పోయవద్దు తమ్ముడూ. కొబ్బరి నూనె సబ్బు కొన్ని గంటల్లోనే గట్టిపడుతుంది, పొద్దున్నకల్లా కత్తి దిగదు, బలవంతం చేస్తే పెచ్చులుగా విరుగుతుంది. ఉదయం పోసి గంటగంటకూ నొక్కి చూడు. గ్లౌజులు తీయకుండానే నొక్కు. వేలు దిగకుండా, కత్తి మాత్రం దిగుతున్నప్పుడు కోసెయ్యి. ఒక్కొక్కటి పోసుకునే అచ్చులుంటే కోసే బాధే లేదు.