సీడీ కాల్చాలా, రాయాలా? 'స్కజీ ఎమ్యులేషన్'కి తెలుగేంటి?

ప్రశ్న: లినక్స్ కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌లో అసలు గుండె) 2.4లో సీడీ బర్నర్ పనిచేసేలా చేసుకోవడం మీద ఒక గైడును తెలుగు చేస్తున్నాను. 'సీడీ కాల్చడం' అంటే చదివినవాళ్లు నవ్వుతున్నారు. 'రాయడం' సరిపోతుందా? 'స్కజీ ఎమ్యులేషన్'కి (స్కజీ అంటే డిస్కులు, డ్రైవుల లాంటి పరికరాలను కంప్యూటర్‌కి కలిపే ఒక పద్ధతి) 'స్కజీ అనుకరణ' అని పెట్టాను, పరవాలేదా?

జవాబు: 'రాయడం' చాలండి. సీడీ-ఆర్‌లో లేజర్ వేడికి రంగు పొర మారుతుంది కాబట్టి 'కాల్చడం' అబద్ధమేమీ కాదు, కానీ తెలుగులో కాల్చాక మిగిలేది బూడిదే. పరికరాన్ని మాత్రం బర్నర్ అనే ఉంచండి.

నాకు నచ్చనిది 'అనుకరణ'. రానిది వచ్చినట్టు నటిస్తే అనుకరణ. ఐడీఈ (మామూలు పీసీల్లో డ్రైవులను కలిపే పాత పద్ధతి) కేబుల్‌కి తగిలించే సీడీ డ్రైవులది అటాపీ పద్ధతి. అంటే స్కజీ తరహా ఆదేశాలనే ప్యాకెట్లుగా ఐడీఈ తీగ మీద పంపడం. డ్రైవుకు ఆ భాష ముందే వచ్చు! చిక్కల్లా సీడీలు రాసే సీడీరికార్డ్ లాంటి ప్రోగ్రాములతో. అవి బర్నర్‌ని స్కజీ జెనరిక్ దారిలో (ప్రోగ్రాములు స్కజీ పరికరాలకు నేరుగా ఆదేశాలు పంపే దారి) వెతికేవి. కెర్నెల్‌లో ఐడీఈ సీడీ డ్రైవులను నడిపే ఐడీఈ-సీడీ డ్రైవర్ చేతిలో ఉన్న బర్నర్ అక్కడ కనబడదు. ఐడీఈ-స్కజీ డ్రైవర్ దాన్ని తెచ్చి స్కజీ పరికరాల వరసలో నిలబెడుతుంది, అంతే. అందుకే 'స్కజీగా చూపడం' అంటాను.

అలా అంటే మిగతా మెట్లూ వాటంతటవే అర్థమవుతాయి. కెర్నెల్ కాన్ఫిగరేషన్ మెనూలో స్కజీ సపోర్ట్, స్కజీ సీడీరామ్, స్కజీ జెనరిక్ మూడూ ఎందుకు ఆన్ చేయాలి? ఆ వరస ఉండాలి కనక. బూట్ లైన్‌లో (కెర్నెల్ మొదలయ్యేటప్పుడు దానికిచ్చే ఆప్షన్లలో) 'హెచ్‌డీసీ=ఐడీఈ-స్కజీ' ఎందుకు? ఐడీఈ-సీడీ ముందే పట్టేసుకోకుండా. (హెచ్‌డీసీ అంటే రెండో కేబుల్ మీది మాస్టర్, అంటే దాని రెండు డ్రైవుల్లో మొదటిది. బర్నర్ ఇంకోచోట ఉంటే అక్షరం మారుతుంది.)

ఇంకొకరు: 'చూపడం' బాగుంది కానీ మెనూ ఇంగ్లీషులో ఉంటుంది కదండీ, చదివినవాళ్లు అక్కడ దేన్ని వెతకాలి? 'ఎమ్యులేషన్' అన్న పేరు ఉంచి, పక్కన ఒక్క వాక్యంలో మీరన్నది చెబితే మేలు. అలాగే మాడ్యూల్‌ని 'భాగం' అనొద్దు. వై కొడితే కెర్నెల్‌లో భాగమైపోయేది, ఎమ్ కొడితే విడిగా ఉండి అవసరమైనప్పుడు ఎక్కేది. 'భాగం' అంటే ఈ రెండూ కలిసిపోతాయి.

జవాబు: ఒప్పుకున్నాను, పేరు ఉంచండి. 2.6లో ఐడీఈ-సీడీతోనే నేరుగా రాసే వీలు వచ్చింది, అప్పట్నుంచి ఈ తతంగం అక్కర్లేదు. గైడు మొదట్లోనే '2.4కి మాత్రమే' అని పెద్దక్షరాల్లో పెట్టండి, కొత్త కెర్నెల్ వాళ్లు లేని మెనూ కోసం వెతుక్కోకుండా.