ఫోన్‌పే తీసుకుని క్యాష్ ఇచ్చాం, అకౌంట్ ఫ్రీజ్ అయింది. తీసేస్తామంటున్నవాళ్లకు పైసలు కట్టాలా?

కిరాణం అక్క, వరంగల్

అందరికీ నమస్కారం. ఏది ముఖ్యమో నాకు తెలియడం లేదు కాబట్టి జరిగిందంతా రాస్తున్నాను. ఓపికగా చదవండి. రేపు పదకొండింటి లోపు ఏదో ఒకటి తేల్చుకోవాలి.

మాది ఎంజీఎం ఆసుపత్రికి దగ్గరలో చిన్న కిరాణ దుకాణం. పక్కనే ఒక జిరాక్స్ మిషన్ కూడా ఉంది. మా ఆయన పొద్దున్నే బీట్‌బజార్ వెళ్లి సరుకు తెస్తారు, దుకాణంలో కూర్చునేది ఎక్కువగా నేనే. మా గిరాకీలో సగం మంది ఏటూరునాగారం, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు నుంచి పేషెంట్లతో వచ్చినవాళ్లు. చాప, బకెట్, ఫ్లాస్కు, బ్రెడ్డు కొంటారు. కొందరికి ఉద్దెర కూడా ఇస్తాం. డిశ్చార్జి అయ్యే రోజు చాలామంది వెతుక్కుంటూ వచ్చి మరీ ఇచ్చి పోతారు.

రెండు వారాల కింద మంగళవారం సాయంత్రం ఏడింటికి ఒక అబ్బాయి వచ్చాడు. పాతికేళ్లు ఉంటాయి. చేతిలో స్కానింగ్ కవరు ఉంది, కళ్లు ఎర్రగా ఉన్నాయి. పాల ప్యాకెట్, బ్రెడ్డు తీసుకుని, "అక్కా, మా అమ్మను ఎంజీఎంల చేర్పించినం. బయట టెస్టుకు క్యాష్ కావాలె. ఏటీఎం కార్డు ఊర్లనే మర్చిపోయిన. పదిహేను వేలు ఫోన్‌పే కొట్టిపిస్త, క్యాష్ ఇయ్యరాదు" అన్నాడు. మా అత్తమ్మను ఇదే ఆసుపత్రిలో ఇరవై రోజులు ఉంచినప్పుడు నేను వరండాలో పడుకున్న రాత్రులు గుర్తొచ్చాయి. సరేనన్నాను. మా క్యూఆర్ కోడ్ ఫోటో తీసి ఎవరికో పంపాడు. "మా బావ కొడతడు" అన్నాడు. రెండు నిమిషాల్లో స్పీకర్ బాక్సు పదిహేను వేలు వచ్చాయని చెప్పింది. గల్లాలోంచి లెక్కపెట్టి ఇచ్చాను. 200 ఉంచుకోమన్నాడు. ఆసుపత్రిలో మనిషి ఉన్నవాళ్ల దగ్గర అదేం పని అని తీసుకోలేదు.

గురువారం మళ్లీ వచ్చి 9,500 అడిగాడు. అమ్మ ఎలా ఉందని అడిగాను. కొంచెం నయం అన్నాడు. ఇచ్చాను.

మొన్న శనివారం నూనె డీలర్‌కు పైసలు పంపబోతే పోలేదు. సోమవారం బ్యాంకుకు వెళ్తే, "మీ అకౌంట్ మీద గుజరాత్‌లో సైబర్ కంప్లైంట్ ఉంది, ఫ్రీజ్ చేశాం, మా చేతిలో ఏమీ లేదు" అన్నారు. కాగితం ముక్క కూడా ఇవ్వలేదు. అందులో 1,12,000 ఉన్నాయి. పాప కాలేజీ ఫీజు అందులోనే, చిట్టీ ఎత్తిన డబ్బూ అందులోనే.

నిన్న ఒక ఫోన్ వచ్చింది. గుజరాత్ సైబర్ సెల్ అన్నాడు. నా పేరు, అకౌంట్ ఆగిన సంగతి, పదిహేను వేల సంగతి అన్నీ వాడే చెప్పాడు. రేపు పదకొండింటి లోపు 12,000 'సెటిల్‌మెంట్ ఫీజు' కడితే సాయంత్రానికి అకౌంట్ తెరుస్తారట, లేకపోతే ఎఫ్‌ఐఆర్‌లో నా పేరు ఎక్కిస్తారట. మూడు సింహాల గుర్తున్న నోటీసు వాట్సాప్‌లో పంపాడు. మా ఆయన మరిది దగ్గర అప్పు తెచ్చి కట్టేద్దాం అంటున్నారు. శనివారం నుంచి ఇద్దరికీ నిద్ర లేదు, టెన్షన్‌తో ఆయన బీపీ పెరిగింది. కట్టాలా? అకౌంట్ తెరిపించుకోవడం ఎలా? నిజంగా నేను నేరం చేసినట్టేనా?

కాజీపేట తమ్ముడు

అక్కా, ముందు ఇది చదువు. ఒక్క రూపాయి కూడా కట్టకు. కేసులో కట్టాల్సింది ఏదైనా ఉంటే కోర్టులో రసీదు తీసుకుని కడతాం. పోలీసులు ఫోన్ చేసి యూపీఐకి పంపమనరు. వాడు ఇచ్చిన యూపీఐలో ఎవరి పేరు వస్తుందో ఒకసారి చూడు, డబ్బు మాత్రం పంపకు. ఆ నంబరు, మెసేజ్‌లు చెరపకుండా స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకో.

కిరాణం అక్క, వరంగల్

చూశాను తమ్ముడూ. ఏదో 'ట్రేడర్స్' అని వచ్చింది. గుండె దడ కొంచెం తగ్గింది. కానీ పదిహేను వేల సంగతి వాడికెలా తెలిసింది?

రిటైర్డ్ మేనేజర్, హన్మకొండ

అమ్మా, నేను ముప్పై నాలుగేళ్లు బ్యాంకులో పనిచేశాను. వాడికి తెలియడంలో వింత లేదు. మీకు డబ్బు పంపింది ఆ ముఠానే. మీ క్యూఆర్ ఫోటో వాళ్ల దగ్గరే ఉంది. అందులో మీ పేరు ఉంటుంది, చాలామంది యూపీఐ ఐడీలో ఫోన్ నంబరే ఉంటుంది. దొంగ సొమ్ము పోయిన ఖాతాలు పది పదిహేను రోజుల్లో ఆగుతాయని వాళ్లకు తెలుసు. మొదటిసారి మిమ్మల్ని వాడుకున్నారు, రెండోసారి మీ భయాన్ని వాడుకుంటున్నారు.

అసలు ఏం జరిగిందో చెబుతాను. ఎక్కడో ఒకరిని మోసం చేసి డబ్బు లాగుతారు. అది ఒక ఖాతాలో పడి, నిమిషాల్లో రెండు, మూడు, నాలుగు ఖాతాలకు చీలిపోతుంది. ఖాతాలో ఉన్నంతసేపు పోలీసులు ఆపగలరు. నోటు రూపంలో బయటికి వచ్చాక ఇక దొరకదు. అందుకే చివర్లో వాళ్లకు క్యాష్ కావాలి. ఏటీఎంలో తీస్తే కెమెరా ఉంటుంది, పరిమితి ఉంటుంది. దుకాణంలో అడిగితే మీలాంటి మంచి మనసున్నవాళ్లు ఇస్తారు. పోగొట్టుకున్న మనిషి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయగానే ఆ డబ్బు వెళ్లిన దారంతా సైబర్ క్రైమ్ పోర్టల్‌లోకి ఎక్కుతుంది, దారిలో ఉన్న ప్రతి బ్యాంకుకూ కబురు పోతుంది. మీ ఖాతా అలా తగిలింది. ఇప్పటికి మీరు నిందితురాలు కాదు, డబ్బు దాటిన దారిలో ఒక మెట్టు.

ఇక చేయాల్సింది. రేపు బ్రాంచికి వెళ్లి నోటితో అడగవద్దు, రెండు కాపీల అర్జీ రాసి ఇవ్వండి. ఏ ఫిర్యాదు నంబరు, ఏ పోలీస్ స్టేషన్, దర్యాప్తు అధికారి ఈమెయిల్ ఏది, ఎంత మొత్తం మీద అభ్యంతరం ఉంది, ఈ నాలుగూ రాతపూర్వకంగా కావాలనండి. ఒక కాపీ మీద ముద్ర వేయించుకోండి. ముద్ర పడ్డ అర్జీకి ఉండే బరువు వేరు. ముప్పై రోజుల్లో సమాధానం రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. అభ్యంతరం 15,000 మీదే అయితే ఆ మేరకే ఆపి మిగతా డబ్బు వదలమని అదే అర్జీలో అడగండి. పోలీసులు చెప్పిన మొత్తం వరకే ఆపాలని కేరళ హైకోర్టు 2023లో ఇలాంటి కేసుల్లోనే బ్యాంకులకు చెప్పింది. ఆ తీర్పు మన దగ్గర తప్పనిసరి కాకపోవచ్చు, కానీ ప్రస్తావిస్తే మేనేజర్ ఆలోచిస్తాడు.

తర్వాత ఆ దర్యాప్తు అధికారికి మీరే ఈమెయిల్ రాయండి. దుకాణం లైసెన్సు, ఆ రోజుల బిల్లు బుక్కు, స్టేట్‌మెంట్, సీసీ కెమెరా ఉంటే వీడియో జతచేయండి. వీడియో సంగతి ఇవాళే చూడండి, చాలా దుకాణాల్లో పాతది దానంతటదే చెరిగిపోతుంది. ఇంకొక మాట. 2025 జనవరిలో సుప్రీంకోర్టు, కొత్త క్రిమినల్ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 35 కింద పోలీసులు ఇచ్చే హాజరు నోటీసును వాట్సాప్‌లో పంపితే చెల్లదని చెప్పింది. సింహాల బొమ్మ చూసి భయపడకండి, ఆ బొమ్మ ఎవరైనా అతికించగలరు.

మిర్చి రైతు కొడుకు, నర్సంపేట

అక్కా, నేను అవతలి వైపు మనిషిని. అందుకే రాస్తున్నాను.

పోయిన సీజన్‌లో మా నాన్న ఏనుమాముల మార్కెట్‌లో తేజ మిర్చి 22 బస్తాలు అమ్మాడు. అడ్తిదారు డబ్బులు అకౌంట్‌లో వేశాడు. నాలుగు రోజులకు మా ఊరి ట్రాక్టర్ డ్రైవర్ నంబరు నుంచి వాట్సాప్‌లో ఒక ఫైల్ వచ్చింది, 'ఆర్టీవో చలాన్' అని పేరు. తెలిసిన మనిషే కదా, బండి మీద చలానా పడిందేమోనని నాన్న నొక్కాడు. అది ఏపీకే ఫైల్, అంటే నొక్కితే ఫోన్‌లో యాప్ ఎక్కించేది. మెసేజ్‌లు చదవడానికి పర్మిషన్ అడిగితే అవునని కొట్టాడు. అప్పటి నుంచి ఓటీపీలు మా ఫోన్‌కు వచ్చినట్టే వచ్చి వాళ్లకు పోయాయి. మూడు దెబ్బల్లో 96,000. డ్రైవర్ ఫోన్ కూడా అంతకు ముందు రోజు అలాగే పట్టుబడిందట, పాపం ఆయనకు ఏమీ తెలియదు.

నేను ఇంట్లోనే ఉన్నాను కాబట్టి నలభై నిమిషాల్లో 1930కి ఫోన్ చేశాం. 61,000 ఆగాయి. అందులో 20,000 ఆగింది వేరే జిల్లాలో ఒక చెప్పుల దుకాణం ఆయన అకౌంట్‌లో. ఆ పేరు చూసి ఆయనే దొంగ అనుకుని నాన్న ఎంత తిట్టాడో. ఇప్పుడు నీ పోస్టు చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "ఆయనకు కూడా ఎవరో అట్లనే వచ్చి ఉంటరు" అన్నాడు.

ఆగిన డబ్బు మాకు లోక్ అదాలత్ ద్వారా తిరిగి వచ్చింది. మన రాష్ట్రంలో 2024 నుంచి సైబర్ కేసుల్లో ఆగిన డబ్బును అలా ఇప్పిస్తున్నారు. మిగతా 35,000 ఎక్కడో క్యాష్‌గా మారిపోయింది. అది ఇక రాదు. నాన్న ఏడాది కష్టంలో పురుగుమందు బాకీకి పక్కన పెట్టుకున్న డబ్బు అది.

నీ తప్పు అని అనడం లేదక్కా. కానీ క్యాష్ దగ్గరే మా డబ్బు దారి ఆగిపోయింది. ఆ ఒక్క చోట ఎవరైనా 'లేదు' అని ఉంటే ఇంకొంత దొరికేది.

మెడికల్ షాపు, వరంగల్

మా దగ్గరికి వారానికి ఒకరైనా ఇలా వస్తారు. నేను ఒకటే చూస్తాను. ఫోన్‌లో డబ్బు ఉన్నవాడికి క్యాష్ ఎందుకు? మందుల షాపు, ల్యాబు, మెస్సు, ఆటో అందరూ స్కానర్ పెట్టారు. నిజంగా అమ్మ ఆసుపత్రిలో ఉంటే ల్యాబు వాళ్ల స్కానర్‌కే కొట్టొచ్చు. మరీ నోట్లే కావాలంటే కొన్ని ఏటీఎంలలో కార్డు లేకుండా యూపీఐతో స్కాన్ చేసి 10,000 వరకు తీసుకోవచ్చు, ఆ ఏటీఎం చూపించండి. రెండోది, డబ్బు పంపేవాడు ఎదురుగా లేకుండా క్యూఆర్ ఫోటో ఎక్కడికో పోతుందంటే అక్కడే ఆగాలి. మూడోది, వచ్చిన డబ్బులో పేరు చూడండి. ఊరు ఏటూరునాగారం, పంపిన పేరు ఉత్తరాదిది అయితే ఆ 'బావ' ఎవరు?

నా మాట కఠినంగా ఉంటుంది కానీ తెలియనివాళ్లకు క్యాష్ అసలు ఇవ్వకండి. వంద రూపాయలు కూడా.

కిరాణం అక్క, వరంగల్

వారం తర్వాత రాస్తున్నాను. ఆ రోజు డబ్బు కట్టలేదు. మీ మాటలు మా ఆయనకు పెద్దగా చదివి వినిపించాను. వాడు తొమ్మిదిసార్లు ఫోన్ చేశాడు. వాడి మీద కూడా 1930కి ఫిర్యాదు చేశాం.

కెమెరాలో పదిహేను రోజుల రికార్డే ఉంది. మంగళవారం వీడియో చెరిగిపోయింది. గురువారానిది ఇంకొక్క రోజు ఆలస్యమైతే పోయేది, పెన్ డ్రైవ్‌లో ఎక్కించాం. అందులో ఆ అబ్బాయి ముఖం స్పష్టంగా ఉంది. నా నవ్వు ముఖం కూడా ఉంది. అమ్మ ఎలా ఉందని అడుగుతున్నప్పటిది.

అర్జీ మీద ముద్ర వేశాక బ్రాంచి వాళ్లు ఒక్క రోజులో వివరాలన్నీ ఇచ్చారు. అభ్యంతరం 15,000 మీదే. ఆ మేరకే ఆపుతామని పోలీసులకు రాశారు, జవాబు రావాలి. అకౌంట్ ఇంకా తెరవలేదు. దర్యాప్తు అధికారి స్టేషన్ నంబరును వాళ్ల రాష్ట్ర పోలీసు వెబ్‌సైట్‌లో చూసి మా అన్న కొడుకుతో ఫోన్ చేయించాను. మర్యాదగానే మాట్లాడారట. డబ్బు పోగొట్టుకున్నది ఒంటరిగా ఉండే రిటైర్డ్ టీచరమ్మ. పోలీసులమని, ఇది డిజిటల్ అరెస్ట్ అని చెప్పి రెండు రోజులు వీడియో కాల్‌లో కూర్చోబెట్టారట. చట్టంలో అలాంటి అరెస్టే లేదని ఆమెకు చెప్పేవాళ్లు పక్కన ఎవరూ లేరు.

మెడికల్ షాపు అన్నా, మీరు చెప్పినట్టే క్యాష్ ఇవ్వడం మానేశాం. కానీ ఊరికే పంపలేకపోతున్నాను. నిన్న భూపాలపల్లి నుంచి వచ్చిన ఒక ముసలాయన అడిగితే మా ఆయన ఆయనతో పాటు ల్యాబుకు నడిచి వెళ్లి స్కాన్ చేయించి వచ్చారు. మందులూ, అన్నమూ ఉద్దెర ఇస్తాను, నోట్లు మాత్రం ఇవ్వను.

రెండు సంగతులు అడగాలి. గురువారం నాటి 9,500 మీద ఇంతవరకు ఏ ఫిర్యాదూ లేదు. దాని గురించి నేనే చెప్పాలా? ఆ 15,000 నేను గల్లాలోంచి ఇచ్చినవే, అయినా అవి ఆ టీచరమ్మకు పోవాలి. అందుకు నేను ఏ కాగితం రాయాలి?

రిటైర్డ్ మేనేజర్, హన్మకొండ

9,500 సంగతి మీరే ముందుగా చెప్పండి. తేదీ, సమయం, ట్రాన్సాక్షన్ నంబరుతో ఆ అధికారికి ఈమెయిల్ పంపి, వీడియో కాపీతో మన వరంగల్ కమిషనరేట్ సైబర్ క్రైమ్ స్టేషన్‌లో కూడా ఒక అర్జీ ఇవ్వండి. మీ దగ్గర అడిగినవాడు ఎంజీఎం చుట్టుపక్కల ఇంకా తిరుగుతూ ఉండవచ్చు.

15,000 ఫిర్యాదుదారుకు ఇవ్వడానికి మీకు అభ్యంతరం లేదని దర్యాప్తు అధికారికీ బ్యాంకుకూ లేఖ రాయవచ్చు. కానీ మీరంతట మీరు ఎవరి ఖాతాకూ పంపకండి, ఆమె నంబరని ఎవరైనా ఇచ్చినా సరే. ఆ లేఖ వకీలు చూశాకే ఇవ్వండి, నేరం ఒప్పుకున్నట్టు ఒక్క మాట కూడా ఉండకూడదు. ఫీజు గురించి ఆలోచించకండి. ఆదాయంతో సంబంధం లేకుండా మహిళలకు న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది, 1987 చట్టంలోనే ఉంది. 15100కి ఫోన్ చేయండి, లేదా నేరుగా కోర్టు ఆవరణలోని వాళ్ల ఆఫీసుకు వెళ్లండి.

కిరాణం అక్క, వరంగల్

సోమవారం పొద్దున మా ఆయన దుకాణంలో కూర్చుంటారు, నేను వెళ్తాను సార్. స్టేట్‌మెంట్, బిల్లు బుక్కు, పెన్ డ్రైవ్ సంచిలో పెట్టేశాను.