కలంకారీ గుడ్డ మీద మొదటి గీత పెట్టాలంటే చెయ్యి ఆగిపోతోంది

స్వర్ణముఖి_ఒడ్డు:

అందరికీ నమస్తే. శ్రీకాళహస్తి పద్ధతిలో కలంతో వేసే కలంకారీ ఏడాదిన్నరగా నేర్చుకుంటున్నాను. కాగితం మీద బాగానే వస్తుంది. సంక్రాంతి సెలవుల్లో ఒకటిన్నర మీటరు గుడ్డ కరక్కాయ, గేదెపాలలో ముంచి ఆరబెట్టి, చింతపుల్లల బొగ్గుతో కృష్ణుణ్ణీ కదంబ చెట్టునీ గీసుకున్నాను. అప్పట్నుంచి అది అలాగే ఉంది. కసిమి (ఇనుము, బెల్లం ఊరబెట్టి చేసే నల్ల రంగు) పక్కన పెట్టుకుంటాను, కలం ముంచుతాను, చెయ్యి గుడ్డ దాకా వెళ్లి ఆగిపోతుంది, ఎందుకంటే బొగ్గు గీతైతే దులిపేయొచ్చు గానీ కసిమి గీత ఒకసారి పడితే ఇక పోదు కదా. కృష్ణుడి మొహమే తొమ్మిదిసార్లు దులిపి మళ్లీ గీశాను.

దీనికి ముందు చిన్న గుడ్డ మీద నెమలిని పూర్తిచేశాను. ఫ్రేము కట్టిద్దామని అమ్మ అడిగింది, నేను ఒప్పుకోలేదు. మెడ దగ్గర కసిమి ఊరి మచ్చ పడింది, నాకు ఆ మచ్చ తప్ప నెమలి కనిపించదు. బీరువాలో చీరల కింద పెట్టేశాను. రాత్రి పడుకున్నాక "ఒక్క గీత తిన్నగా వేయలేవు, నీకెందుకివన్నీ" అని లోపల ఎవరో అంటూనే ఉంటారు. ఆఫీసు పనిలో కూడా ఇంత టెన్షన్ పడను. ఇష్టపడి మొదలుపెట్టిన పని దగ్గరే ఎందుకిలా అవుతోంది? ప్రశాంతంగా ఉండమని చాలామంది చెప్పారు, అది కాకుండా చేతికి పనికొచ్చే మాట ఏదైనా ఉంటే చెప్పండి.

పాత_కలం:

అమ్మా, ఇరవై రెండేళ్లుగా నాకిదే పని, చెయ్యి ఆగిన రోజులు నాకూ ఉన్నాయి. మీకు గీత రాక కాదు, ఆ గుడ్డ మీకు మరీ విలువైపోయింది. సెలవు పెట్టి, తడిపి, ఎండబెట్టి, వారాల తరబడి చూసుకుంటూ దాన్ని దేవుడి పటం చేసేశారు. ముందు దాన్ని మడిచి పైన పెట్టేయండి. అదే కరక్కాయ పాలలో ముంచిన జానెడు ముక్కలు ఓ ఇరవై కత్తిరించుకుని, బొగ్గు లేకుండా నేరుగా కసిమితో రోజుకొక ముక్క మీద అంచు తీగలు వేయండి. మొదటి గీతే వంకర పోయినా సరే ఆ ముక్క పూర్తిచేయాలి, మధ్యలో పారేయకూడదు. చెయ్యికి అలవాటు కావాల్సింది అదే.

మచ్చ సంగతి. కలానికి చుట్టిన ఉన్ని ఎక్కువ తాగి ఉండాలి, లేదా మీరు గట్టిగా నొక్కి ఉండాలి. ముంచిన ప్రతిసారీ పాత గుడ్డకు ఒకసారి అద్ది, అప్పుడు మొదలుపెట్టండి. ఇంకొకటి, తడి గీతను చూసి ఏమీ తేల్చుకోకండి. పటిక పెట్టి, రంగులు పడి, రెండు మూడు ఉతుకులయ్యాక గుడ్డ వేరేగా ఉంటుంది. నెమలి మెడ దగ్గర మచ్చ అన్నారు కదా, అక్కడ ఒక పట్టెడ వేసేయండి. మేం చేసేదీ అదే.

కథల_పెట్టె:

పైన పెద్దాయన చెప్పింది మంచి మాటే గానీ రోజుకొకటి అనే పద్ధతి నాకు పనిచేయలేదు, ఒకటి బాగా రాకపోతే ఆ రోజంతా పాడయ్యేది. నేను కథలు రాస్తాను. ఒక కథ మొదటి పేరా నాలుగు నెలలు రాశాను, రెండో పేరా పుట్టనే లేదు. రాస్తున్నప్పుడే దిద్దుతున్నానని చాలా ఆలస్యంగా అర్థమైంది. ఇప్పుడు పొద్దున రాసి, చదవకుండా మూసేస్తాను. శనివారం సాయంత్రం మాత్రం ఎర్ర పెన్ను పట్టుకుని గంటసేపు కూర్చుంటాను, ఆ గంటలో దయ చూపించను. మనల్ని మనం విమర్శించుకోవడం మానేయాలనే మాట నేను ఒప్పుకోను, మానేస్తే రాత చెడిపోతుంది. కాకపోతే దానికి ఒక వేళ ఉండాలి.

మరొకటి కూడా చేస్తాను. "నాకు రాయడం రాదు" అని మార్జిన్లో రాయను, "మూడో పేజీలో అత్త ఎందుకు ఏడ్చిందో తెలియడం లేదు" అని రాస్తాను. అత్త ఏడుపును వచ్చే వారం సరిచేయొచ్చు, మొదటి మాటతో ఏం చేయాలి?

మనసు_పాఠం:

నేను సైకాలజీ చదువుతున్నాను, అందుకే ఒక్క విషయం అడగాలనిపించింది. లోపల ఎవరో అంటారన్నారు కదా, ఆ గొంతు ఎవరిది? 1991లో హ్యూయిట్, ఫ్లెట్ అనే ఇద్దరు పరిశోధకులు పర్ఫెక్షనిజాన్ని మూడు రకాలుగా చూశారు: మన నుంచి మనం కోరేది, ఎదుటివాళ్ల నుంచి కోరేది, లోకం మన నుంచి కోరుతోందని మనం అనుకునేది. అమెరికా, కెనడా, బ్రిటన్ విద్యార్థుల మీద 1989 నుంచి 2016 దాకా జరిగిన అధ్యయనాలను తర్వాత కలిపి చూస్తే, అన్నిటికన్నా ఎక్కువగా పెరిగింది ఆ మూడోదే. మీది కూడా అదేనేమో చూసుకోండి. నిద్ర పట్టనంతగా ఉంటే మాత్రం ఒంటరిగా మోయకుండా కౌన్సెలర్‌ను కలవండి, దానికి సంకోచం అక్కర్లేదు.

స్వర్ణముఖి_ఒడ్డు:

మూడు వారాల తర్వాత వచ్చాను, క్షమించండి. ఆ గొంతు ఏడో తరగతిలో డ్రాయింగు చెప్పిన ఒక మాస్టారిది. నా పుస్తకం క్లాసులో ఎత్తి చూపించి అన్న మాట, యథాతథంగా అదే. ఇన్నేళ్లూ అది నా మాటే అనుకున్నాను. తెలిశాక ఆ గొంతు ఆగిపోలేదు గానీ, వినిపించినప్పుడు ఆయన గుర్తొస్తున్నాడు, అది కాస్త నయంగా ఉంది.

ముక్కలు పద్నాలుగు అయ్యాయి. మొదటి ఆరూ చూడలేం, వాటినీ చివరిదాకా వేశాను. తొమ్మిదో దాంట్లో ఒక తీగ ఉంది, అంచు నుంచి మలుపు దాకా ఎక్కడా ఆగకుండా వెళ్లింది, దాన్ని అద్దం పక్కన అంటించుకున్నాను. శనివారం గంట కూడా పెట్టుకున్నాను. నెమలికి పట్టెడ వేశాను, అమ్మ దాన్ని ఫ్రేముకు ఇచ్చేసింది. కృష్ణుడు ఇంకా పైనే ఉన్నాడు.

ఇప్పుడు వేరే సందేహం. పన్నెండో ముక్క నుంచి గీత నల్లగా రావడం లేదు, బూడిద రంగులో తేలిపోతోంది. కసిమి చెడిందా, గుడ్డలో కరక్కాయ తక్కువైందా?

పాత_కలం:

ఆ ముక్కలు కొత్తగా ముంచినవా? అదే కసిమితో పాత ముక్క మీద ఒక గీత వేసి చూడండి, అక్కడ నల్లగా వస్తే లోపం కరక్కాయలోనే. ఈసారి కాయలు మీరే కొట్టుకోండి, షాపులో దొరికే పొడి వద్దు.